పేరుగల చెప్పు, పేరులేని చేయి

పాదుకలకు పట్టాభిషేకము జరిగిన కథను తరతరములుగా చెప్పుకొనుచున్న దేశములో, చెప్పుల ప్రకటనలను గూర్చి ఆదివారపు పుటలో చర్చించుట అనుచితము కాబోదు. పదునాలుగేండ్లు సింహాసనముపై నిలిచిన ఆ పాదుకలకు గౌరవము వచ్చినది వాని పనితనమువలన కాదు. వానిని తొడిగిన పాదములవలన. నేటి ప్రకటన సంస్థల వ్యాపారమంతయు ఈ సూత్రముపైననే నడచుచున్నది. వస్తువు విలువ వస్తువులో కంటె దానితో ముడిపడిన పేరులోనే హెచ్చుగా ఉన్నదను నమ్మికను కొనువాని మనస్సులో నాటుట వారి వృత్తి. ఆ వృత్తి మంచిదా, చెడ్డదా అని ఒక్క మాటతో తేల్చివేయుట సులభమే కాని న్యాయము కాదు. పశ్చిమ కర్నూలులోని ఆదోని, ఎమ్మిగనూరు పట్టణములను ఎదుట నుంచుకొని ఆలోచించినచో, ఈ ప్రశ్నకు సాధారణముగా కనిపింపని ముఖమొకటి కనిపించును.

ఈ రెండు ఊళ్ళకు నడుమ దూరము సుమారు ముప్పది కిలోమీటర్లు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లానుండి విడివడి వచ్చిన ప్రాంతమిది. గుంతకల్లునుండి రాయచూరునకు పోవు రైలు మార్గముపై నున్న ఆదోని, ప్రత్తి వ్యాపారమునకు పెట్టినది పేరు. ఎమ్మిగనూరు చేనేతకు ప్రసిద్ధి. ఒక ఊరిలో ప్రత్తి, వేఱొక ఊరిలో మగ్గము. ఇట్టి ప్రాంతమునకు లేనిది సరకు కాదు, పనితనము కాదు. లేనిది పేరు. అంగడి వీధిలో నిలిచి చూచినచో ఆ లోటు కంటికే తెలియును. చెప్పుల దుకాణములపై వ్రేలాడు బోర్డులలో కంపెనీ పేరు మూరెడు అక్షరములతో నుండును. దుకాణదారుని పేరు ఏదో ఒక మూల బెత్తెడు అక్షరములతో నుండును. ఆ పెద్ద అక్షరములలోని పేర్లు ఏవియు ఈ ప్రాంతమున పుట్టినవి కావు.

ఆ పెద్ద అక్షరములు అచ్చటికి ఎట్లు వచ్చినవి? కంపెనీ తన చెప్పును ప్రకటన సంస్థకు అప్పగించును. సంస్థలో ఒకరు కంపెనీవారితో మాటలాడుదురు. ఒకరు మాటలు వ్రాయుదురు. ఒకరు బొమ్మలు వేయుదురు. మఱియొకరు ఏ పత్రికలో ఎంత చోటు కొనవలెనో, టీవీలో ఎన్ని క్షణములు కొనవలెనో లెక్క వేయుదురు. పత్రికలు తాము పుచ్చుకొను సొమ్ములో నూటికి పదునైదు వంతులు ప్రకటన సంస్థకు కమీషనుగా నిచ్చుట చిరకాలపు ఆచారము. నెలల తరబడి పది విధములుగా వ్రాసి, కొట్టివేసి, తిరిగి వ్రాసిన మీదట పది మాటల వాక్యమొకటి నిలుచును. ఆ వాక్యము తరచుగా ముంబయిలోనో, ఢిల్లీలోనో హిందీలోనో, ఇంగ్లీషులోనో పుట్టి, పిమ్మట తెలుగులోనికి దిగును. చిట్టచివరకు ఆదోని గోడమీదికో, ఎమ్మిగనూరు బస్సు వెనుకభాగమునకో చేరును.

ఇందులో విచిత్రమేమనగా, ప్రపంచమునకు పేరు పంచి పెట్టు ఈ వృత్తిలో పనిచేయువారికే పేరు లేదు. కథ క్రింద రచయిత పేరుండును. బొమ్మ క్రింద చిత్రకారుని సంతకముండును. ప్రకటన క్రింద దానిని వ్రాసినవాని పేరుండదు. దానిని తెలుగు చేసినవానిని అడుగువాడే లేడు. వెనుకటి దినములలో గోడలపై రంగులతో బోర్డులు వ్రాయు స్థానిక చిత్రకారుడు మాత్రము పని ముగియగానే ఒక మూల 'ఫలానా ఆర్ట్స్' అని చిన్న అక్షరములతో వ్రాసికొనెడివాడు. ఆ పని అంతయు కంపెనీదే అయినను, ఆ మూల జానెడు చోటు అతనిది. ఫ్లెక్సీలు వచ్చిన పిదప యంత్రమే అక్షరములను ముద్రించుచున్నది. కుంచె పోయినది, దానితోపాటు ఆ మూలనున్న సంతకమును పోయినది.

ఇంతకును ప్రకటన చేయగల పని ఎట్టిదో తెలిసికొనుటకు చెప్పుల చరిత్రలోనే గొప్ప నిదర్శన మొకటి కలదు. బ్రెజిల్ దేశములో 1962లో అల్పార్గతాస్ అను కంపెనీ 'హవయానాస్' అను రబ్బరు చెప్పును ప్రవేశపెట్టెను. జపానీయుల గడ్డి చెప్పును చూచి చేసినందున, దాని అడుగున వరిగింజలవంటి నగిషీ నుంచిరి. అది కూలివాని చెప్పు. మన ఇండ్లలోని హవాయి చెప్పునకు అది అన్ని విధములను తోబుట్టువు. కొన్ని దశాబ్దములు గడచునప్పటికి, దానిని తొడిగికొని బయటకు వచ్చుట పేదరికమును చాటుకొనుట అను భావము ఆ దేశములో ఏర్పడి, అమ్మకములు క్షీణించినవి. 1994లో కంపెనీ ఒకే రంగు గల కొత్త రకమును తెచ్చెను. అల్మాప్‌బీబీడీఓ అను ప్రకటన సంస్థ దాని ప్రచారమును చేపట్టి, సంవత్సరముల తరబడి ప్రసిద్ధులైన నటీనటులచే ఆ చెప్పులను తొడిగించి చూపెను. అదే రబ్బరు, అదే పట్టీ. కొలది కాలములోనే అది యూరపు, అమెరికా దేశముల అంగళ్ళలో హెచ్చు వెలకు అమ్ముడుపోసాగెను. రబ్బరులో వచ్చిన మార్పు స్వల్పము. చూచువాని చూపులో వచ్చిన మార్పు అపారము.

మన హవాయి చెప్పునకు అట్టి యోగము పట్టలేదు. 2017 ఏప్రిల్‌లో సిమ్లాలో చిన్న పట్టణముల విమాన పథకమును ప్రారంభించుచు, హవాయి చెప్పులు వేసికొన్నవాడు సైతము విమానమెక్కవలెనని ప్రధానమంత్రి అన్నప్పుడు, ఆ మాట దేశమంతటికిని వెంటనే అర్థమైనది. హవాయి చెప్పు అనగా సామాన్యుడని ఎవరును వివరింప నక్కఱలేకపోయినది.

ఈ రబ్బరు చెప్పును తేలికగా చూచుట కృతఘ్నత యగును. నల్లరేగడి నేలలో తొలకరి పడినప్పుడు తోలు చెప్పునకు అంటిన బంక మట్టి వదలదు. రబ్బరు చెప్పును కాలువలో ముంచి తీసినచో చాలును. వట్టి కాళ్ళతో తడి నేలపై తిరుగువారికి పాదముల చర్మముగుండ కొంకిపురుగు ఒంటిలో ప్రవేశించి రక్తహీనత కలిగించును. చెప్పు దానికి అడ్డు. అంతకంటె గొప్ప ఉపకార మింకొకటి కలదు. చనిపోయిన పశువు తోలు తీసి, లందలో నానవేసి, తంగేడు చెక్కతో పదను చేసి, ఆరెతో కుట్టి ఊరందరికి చెప్పులు సమకూర్చిన మాదిగలే, అగ్రవర్ణముల వీధిలో చెప్పులు తొడిగి నడువరాదను కట్టడి ఈ దేశపు పల్లెలలో ఉండెడిది. చేసినవాని చేతికి హక్కు ఉన్నది కాని కాలికి లేదు. ఆ కట్టడిని తొలగించినవి చట్టములును, ఆత్మగౌరవ పోరాటములును అనుట నిజమే. అయినను, ఎవరడిగినను అదే ధరకు, కులము నడుగకుండ అమ్ముడుపోయిన అంగడి చెప్పు కూడ ఆ మార్పులో తన వంతు పని చేసినది. ఒక్క కాలి కొలత ప్రకారము అచ్చువలె ఒకే తీరున వచ్చు నంబరు చెప్పు, కొనువానికి భరోసా నిచ్చినది. ఈ మేలును మఱచి కంపెనీ వస్తువు లన్నియు మోసమే అనువారు చరిత్రను సగము మాత్రమే చదివినవారు.

ప్రకటన కూడ అట్లే సగము సత్యముతోనే బయలుదేరును. 1894లో నేటి చెక్ దేశపు జ్లీన్ పట్టణములో పుట్టిన బాటా కంపెనీ 1931లో మన దేశమునకు వచ్చెను. 1934లో కలకత్తా సమీపమున బాటానగరమును నిర్మింప నారంభించెను. చిన్న గాయమువలన ధనుర్వాతము రావచ్చును గనుక పాదరక్షలు ధరింపుడని 1930 దశకములో ఆ కంపెనీ ప్రకటించినది. మాటలో అబద్ధము లేదు. కాని భయమును ముందు నిలిపి వస్తువును వెనుక నిలుపు నేర్పు అందులో ఉన్నది. వంద రూపాయలకు అయిదు పైసలు తగ్గించి తొంబది తొమ్మిది రూపాయల తొంబదియైదు పైసలని వేయు ధరను జనులు నేటికిని 'బాటా ధర' అని నవ్వుకొందురు. నవ్వుకొనుచునే ఆ ధరకు కొందురు. ప్రకటన విద్యకు ఇంతకంటె పరిహాసముగాని ప్రశంసగాని అక్కఱలేదు.

ఇక ఆదోని సంగతి. ప్రత్తి రైతు బండిమీదనో, ట్రాక్టరుమీదనో సరకు తెచ్చి మార్కెట్ యార్డులో కుప్ప పోయును. కొనువాడు గుప్పెడు తీసి పింజ చూచి, తేమ చూచి ధర చెప్పును. అమ్మువాడు వినును. అదే రైతు అదే దినమున బజారులోని చెప్పుల దుకాణమునకు పోయినచో, ధర అట్టపెట్టెపై ముందే అచ్చుపడి యుండును. అచ్చటను ధర చెప్పువాడు అతడు కాడు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అను సామెత ఈ రైతును చూచియే పుట్టినట్లున్నది. ఇది దళారుల దోషమని ఊరకుండుట చాలదు. పేరున్న వస్తువు తన ధరను తానే చెప్పగలదు. పేరులేని వస్తువు ఎదుటివాడు చెప్పిన ధరను వినవలెను. చొక్కాపై కంపెనీ పేరుండును. ఆ చొక్కాలోని ప్రత్తి ఆదోని నల్లరేగడిలో పండినదను మాట ఎచ్చటను ఉండదు. వానలు తప్పిన యేట ఈ ప్రాంతపు జనులు సుగ్గి అని మూటాముల్లె కట్టుకొని, బడి పిల్లలను సైతము వెంటబెట్టుకొని గుంటూరు వైపు ప్రత్తి తీయుటకు, మిరప కోయుటకు పోవుదురు. తరగతిలో ఖాళీయైన బల్లలను చూచు ఉపాధ్యాయునికి, ధర చెప్పుకొనలేనివారి బ్రదుకు ఎట్టిదో మఱియొకరు చెప్ప నక్కఱలేదు.

ఎమ్మిగనూరు కథ మఱింత ఆలోచింపదగినది. 1938లో మాచాని సోమప్పగారు అచ్చట చేనేత కార్మికుల సహకార సంఘమును స్థాపించిరి. నేతగాడు షాహుకారుకు లోబడకుండ నూలు పొంది, నేసిన గుడ్డను సంఘమునకే ఇచ్చి, కూలి పుచ్చుకొను పద్ధతిని నెలకొల్పిరి. 1954లో వారికి పద్మశ్రీ పురస్కారము లభించెను. ఎమ్మిగనూరు దుప్పటి, తువాలు, పరదా గుడ్డ ఆ దినములలో దూరదేశములకు పోయినవి. అనగా పేరు ఒకప్పుడుండెను. దానిని నిలుపుకొను విద్య మాత్రము అలవడలేదు. సంఘపు నేటి స్థితి నాటి వైభవమును పోలినది కాదు.

ఇందులకు మరమగ్గముల పోటీ, నూలు ధరలు, సంఘముల అప్పులు మొదలగు కారణములు అనేకములు చెప్పుదురు. అవి యన్నియు సత్యములే. కాని ప్రకటనకు సంబంధించిన కారణ మొకటి అంతగా చర్చకు రాలేదు. 1952లో అఖిల భారత చేనేత బోర్డు ఏర్పడెను. 1953లో మిల్లు గుడ్డపై స్వల్ప సుంకము విధించి, ఆ సొమ్మును ఖాదీ, చేనేతల అభివృద్ధికి వినియోగించుటకు చట్టము చేసిరి. ఆ సహాయములో ముఖ్యమైనది రిబేటు. నాటినుండి ప్రజలు ఎరిగిన చేనేత ప్రకటన ఒక్కటే: పండుగకు రూపాయిలో ఇన్ని పైసలు తగ్గింపు. ఉద్దేశము మంచిదే. ఫలితము మాత్రము విపరీతముగా పరిణమించినది. రిబేటు లేని దినములలో గుడ్డ కొనకుండ వేచియుండుట కొనువాడు నేర్చుకొనెను. అంతకుమించి, ఈ గుడ్డ అసలు ధరకు తగినది కాదేమో అను అనుమానము అతని మనస్సులో నాటుకొనెను. చెప్పుల కంపెనీ తన రబ్బరును గూర్చి 'ఇది మీకు గౌరవము' అని చెప్పుచున్నప్పుడు, చేతిమగ్గము తన పనితనమును గూర్చి 'నన్ను తక్కువకు తీసికొనుడు' అని చెప్పుకొనుచు వచ్చినది. దశాబ్దములపాటు ఈ రెండు మాటలను విన్న జనులు దేనిని గౌరవింతురో ఊహింప కష్టము కాదు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్లు, మన వస్తువును పరాయివాడు మెచ్చినగాని మనము మెచ్చము. దీనికి తాజా సాక్ష్యము పొరుగుననే ఉన్నది. మహారాష్ట్ర, కర్ణాటకములలోని ఎనిమిది జిల్లాలలో చేయు కొల్హాపురి చెప్పులకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించెను. చర్మకారులు వందల రూపాయలకు అమ్ము ఆ చెప్పులవంటివే 2025 జూన్‌లో ఇటలీలోని మిలాన్ నగరమున ప్రాడా అను కంపెనీవారి ప్రదర్శనలో కనిపించినవి. అవి ఎచ్చటివో ఆ ప్రదర్శనలో చెప్పలేదు. మన దేశమున నిరసన చెలరేగిన పిమ్మట, భారతీయుల చేతిపనినుండి ఆ రూపము గ్రహింపబడినదని కంపెనీ ఒప్పుకొనెను. గుర్తింపు పత్రము చేత నుండుటవలననే ఆ నిరసనకు బలము కలిగెను. పేరు అనునది గొప్ప కొఱకు కాదు, కాపుదలకు అని దీనివలన తెలియవలెను. పల్లెలలో ఒకప్పుడు కిర్రు చెప్పులు ఉండెడివి. నడచినప్పుడు కిర్రుమనుటయే వానికి ప్రకటన. చేసినవాని చేతివాసి ఏ పాటిదో ఆ శబ్దమును బట్టి ఊరివారు చెప్పుకొనెడివారు. ఆ పేరు ఊరి పొలిమేర దాటలేదు గనుక, రబ్బరు చెప్పు రాగానే చప్పుడు లేకుండ అణగిపోయినది.

ప్రకటనకు లక్షలు కావలెను, నేతగాండ్ర సంఘమునకు అవి ఎచ్చటివని కొందరు ప్రశ్నింపవచ్చును. ఈ ప్రశ్నకు తెలుగువారి చరిత్రలోనే సమాధానము కలదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును ప్రారంభించినప్పుడు పెద్ద పెట్టుబడి గలవారు కారు. సంగీత సభలలో ఆ మందును ఉచితముగా పంచి జనులకు పరిచయము చేసిరి. తలనొప్పి తగ్గినవాడు తానే ప్రచారకుడాయెను. ఆ వ్యాపారమును నడిపిన చేతులే 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా బొంబాయిలో స్థాపించి, 1914లో మదరాసునుండి దినపత్రికగా వెలువరించినవి. వస్తువు మంచిదై, చెప్పు మాట నిజమై యున్నప్పుడు ప్రకటనకు కావలసినది ధనముకంటె యుక్తి అని వారు ఋజువు చేసిరి. అట్టి ప్రకటన అబద్ధము కాదు, ఆర్భాటము కాదు. మంచి వస్తువునకును దాని అవసరము గలవానికిని నడుమ కట్టిన వంతెన.

ఇచ్చట ఉపాధ్యాయుల పాత్ర వచ్చుచున్నది. నేటి విద్యార్థి పాఠ్యపుస్తకము తెఱచుటకు ముందే ఫోనులో పది ప్రకటనలు చదువుచున్నాడు. అవి అతడు రోజంతయు చదువు తెలుగు. అందులో చాలభాగము హిందీ వాక్యమునకు తెలుగు తొడుగు తొడిగినది; క్రియ ఒక వైపు, కర్త ఒక వైపు లాగుచుండును. ఆ తెలుగును నిందించి ఊరకుండుటకంటె, దానిని పాఠముగా స్వీకరించుట మేలు. ఒక చెప్పుల ప్రకటనను నల్లబల్లపై వ్రాసి నాలుగు ప్రశ్నలు అడుగవచ్చును. ఇది దేనితో చేసినది? ఎంతకాలము మన్నును? ఎవరు చేసిరి, ఎచ్చట చేసిరి? ధర ఎందులకు ఇంత? ఈ నాలుగింటికి ప్రకటనలో ఎన్ని జవాబులున్నవో విద్యార్థులే లెక్కింతురు. జవాబు లేని చోట నటుని చిరునవ్వు ఉండుటను వారే కనిపెట్టుదురు. తప్పుదారి పట్టించు ప్రకటనలను శిక్షించుటకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము కలదు. అట్టి ప్రకటనలో కనిపించి మెచ్చుకొన్నవారిపై పది లక్షల రూపాయలవఱకు జరిమానా విధింపవచ్చును. పిల్లలను ఉద్దేశించిన ప్రకటనలకు 2022లో ప్రత్యేక నియమములు ఏర్పడినవి. కాని నాలుగు ప్రశ్నలు వేయ నేర్చిన విద్యార్థికి చట్టమువఱకు పోవలసిన అవసరము తఱచుగా రాదు.

చెప్పుల విషయమున బడికి ఇంకొక బాధ్యత కూడ కలదు. 2020 అక్టోబరునుండి విద్యాకానుక అను పేరుతోను, తరువాత విద్యార్థి మిత్ర అను పేరుతోను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు పుస్తకములు, దుస్తులతోపాటు బూట్లను ఇచ్చుచున్నారు. అవి అందరికి ఒక తీరువి. సెలవు దినమున మాత్రము ఒకని కాలికి పేరుగల చెప్పు, వేఱొకని కాలికి పేరులేని చెప్పు. రెండవవాడు తన పాదములను బల్ల క్రిందికి ముడుచుకొనుట ఏ ఉపాధ్యాయుడు చూడలేదు? ఆ ముడుచుకొన్న పాదములే ప్రకటన సంస్థ సాధించిన విజయములో లెక్కకు రాని ఖర్చు. చెప్పునకు వచ్చిన గౌరవము మనిషినుండి తీసి ఇచ్చినది కారాదు. ఈ ఒక్క హద్దును దాటిన ప్రకటన ఎంత చమత్కారముగా నున్నను నింద్యమే.

కావున ప్రకటన విద్యను ద్వేషించుట పరిష్కారము కాదు. దానిని నేర్చి తనవారి పనికి వినియోగించుట పరిష్కారము. చేతిమగ్గపు గుర్తు 2006లో వచ్చినది. భారత చేనేత బ్రాండు 2015 ఆగస్టు 7న వచ్చినది. అవి గుడ్డ చేతిమగ్గముపై నేసినదని చెప్పును. నేసినది ఎవరో చెప్పవు. ఎమ్మిగనూరు తువాలుపై చిన్న చీటీ యొకటి కుట్టవచ్చును. అందులో నేసినవారి పేరు, వీధి, నూలు నంబరు, నేయుటకు పట్టిన కాలము, ప్రత్తి పండిన ఊరు తెలుగులో నుండవలెను. ఆ చీటీలోని వాక్యములను వ్రాయుటకు ముంబయినుండి రచయిత రానక్కఱలేదు. ఆదోని, ఎమ్మిగనూరు బడులలోని తొమ్మిదవ తరగతి విద్యార్థులు మగ్గపు వీధికి పోయి, చూచి, అడిగి, వ్రాయగలరు. వ్యాసరచన గంటలో 'వసంత ఋతువు' అను విషయమునకు బదులు ఒక వారము ఈ పని ఇచ్చి చూచినచో, పిల్లలకు తెలుగు వాక్యము పట్టుబడును. ఆ వీధిలో తండ్రి మగ్గముపై కూర్చుండగా చూచిన పిల్లవాడు, ఆ పేరును తన చేతితో మొదటిసారి అచ్చుకు ఎక్కించును.